దలా ఒడ్డున పలికిన గొంతు

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళని మీది ఏ ఊరని అడిగితే శ్రీకాకుళమనో, పలాసనో, విజయనగరమనో చెప్తారు. మా అమ్మ మాత్రం రంగం అనేది. బర్మాలోని రంగూన్‌ని మావాళ్ళంతా అలాగే అంటారు. ఆ ఊరికి ఎదురుగా, ఏటికి అవతల దలా అనే చోట, బియ్యం మిల్లు కూలీలుండే లైన్ల ఇళ్ళలో పుట్టింది అమ్మ. ఇక్కడ రైల్వే క్వార్టర్ల కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి కూడా "మా రంగంలో అయితేనా" అని మొదలెట్టేది. పక్కింటి బెంగాలీ దీదీ నవ్వాపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకునేది. నాకేమో ఒళ్ళు మండేది.

యుద్ధంలో జపానువాళ్ళు బాంబులేస్తే ఆ లైన్లన్నీ ఖాళీ అయిపోయాయట. తాత అప్పటికే లేడు. అమ్మమ్మకి కాళ్ళు వాచిపోయి నాలుగడుగులు వేసే ఓపిక లేదు. "మీరు పదండి, నాను కోళ్ళని సూసుకుంటాను, గొడవ సల్లారినాక వొద్దురు" అని అమ్మనీ, అమ్మ తమ్ముణ్ణీ ఇరుగుపొరుగువాళ్ళతో పంపేసింది. వాళ్ళు అడవుల్లో పడి నడిచి, బతికి బయటపడ్డారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉన్న దూరపు చుట్టం చేరదీశాడు. అమ్మమ్మ సంగతి మళ్ళీ తెలియలేదు. రాసిన ఉత్తరాలకి జవాబుల్లేవు.

కనపడకుండా పోయిన మనిషి కోసం మావాళ్ళు పన్నెండేళ్ళు ఎదురుచూస్తారు. రాకపోతే దర్భలతో బొమ్మ చేసి, ఆ బొమ్మనే మనిషనుకుని కాల్చి, కర్మ చేసేస్తారు. అమ్మమ్మకి ఆ గడువు దాటింది. మావయ్య పెళ్ళీడుకొచ్చాడు. కర్మ కాకుండా ఇంట్లో పెళ్ళేమిటని పెద్దలు పట్టుబట్టారు. కొడుకు కాబట్టి చెయ్యాల్సింది మావయ్యే. అమ్మ అడ్డం పడింది. "ఒక్కసారి ఎల్లి సూసొస్తాను. లేదని తెలిస్తే మీ ఇష్టం" అంది.

మా నాన్న ఆ వర్క్‌షాపులోనే బాయిలర్ షాపులో ఫిట్టరు. మాట్లాడితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉండే మనిషి. ఒక సాయంత్రం ఖిదిర్‌పూర్ రేవు నుంచి రంగం వెళ్ళే ఓడకి ముగ్గురికీ డెక్కు టికెట్లు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. షాపులో మాత్రం విదేశీ షికారుకి పోతున్నామని చెప్పుకున్నాడట. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. కొత్త చీర ఒకటి మడతపెట్టి పెట్టె అడుగున పెట్టింది. ఎవరికని నేను అడగలేదు.

రంగంలో మేం దిగిన సత్రం గుమాస్తా తెలుగాయనే. సంగతి విని తల అడ్డంగా ఊపాడు. అవతలి ఒడ్డున తిరుగుబాటుదార్ల భయముందట, పరాయి దేశం వాళ్ళని అక్కడ దిగనివ్వరట. కావాలంటే చూడ్డానికొచ్చినవాళ్ళని ఏటి మీద తిప్పే లాంచీ ఉంది, అది దలా ముందు నుంచే పోతుంది, కళ్ళారా చూసుకోండి అన్నాడు.

లాంచీ మెట్ల దగ్గర మా నాన్న జేబులోంచి రైల్వే పాసు తీసి చూపించాడు. తప్పు ఆయనది కాదు. ఖరగ్‌పూర్‌లో పుట్టిపెరిగిన మాకు కదిలే ప్రతిదానికీ పాసు చెల్లుతుందనే నమ్మకం. గంగ దాటించే రైల్వే స్టీమరుకి చెల్లినప్పుడు దీనికెందుకు చెల్లదు? మెట్ల దగ్గరున్నవాడు ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి, నవ్వి ఇచ్చేశాడు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ ఇదేం చూడలేదు. ఆమె చూపు అవతలి ఒడ్డు మీదే ఉంది.

గైడు లుంగీ మీద కోటు తొడుక్కున్న కుర్రాడు. రేకు బాకా నోటికి పెట్టుకుని కాసేపు ఇంగ్లీషులో, కాసేపు హిందూస్తానీలో గుడులూ గోపురాలూ చూపిస్తున్నాడు. అందరూ కుడి పక్కన బంగారు గోపురం కేసి తిరిగితే అమ్మ ఒక్కతే ఎడమ పక్క కమ్మీ పట్టుకుని నిలబడింది. ఉన్నట్టుండి గైడు దగ్గరికెళ్ళి బర్మా భాషలో గడగడా మాట్లాడింది. నేను బిత్తరపోయాను. పదేళ్ళు నా జడలు వేసిన మనిషికి నేను ఎరగని ఇంకో గొంతుందని అప్పుడే తెలిసింది. గైడు బాకా దించేశాడు. నడిపేవాడితో ఏదో చెప్పాడు. లాంచీ ఒడ్డు వైపు జరిగింది.

మిల్లు ఉంది. లైన్లు లేవు. అక్కడంతా వెదురు పొద. గట్టు కింద నీళ్ళలో నలుగురైదుగురు ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు.

"అమ్మా! అమ్మా! నానొచ్చినానే!" అని అమ్మ అరిచింది. అందులో ఒక ముసలామె నడుమెత్తి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏటమ్మా!" అంది.

తెలుగే. ఇంజను చప్పుడులో కూడా మా అందరికీ వినపడింది. అమ్మ కమ్మీ మీదికి ఒరిగిపోతుంటే నాన్న నడుం పట్టుకుని ఆపాడు. గైడు రెండు చేతులూ జోడించాడు, దింపడానికి వీల్లేదని. లాంచీ తిరిగింది.

"ఆ ఒడ్డున మనోళ్ళు ఇంకా ఉన్నారు, ఎవురైనా పలుకుతారు" అని నాన్న మెల్లగా అన్నాడు. అమ్మ వినిపించుకోలేదు. చీర సత్రం గుమాస్తాకిచ్చి, వీలైనప్పుడు అవతలికి పంపమని బతిమాలింది.

ఖరగ్‌పూర్ రాగానే మావయ్య అక్కని అడిగాడు, "ఏటప్పా, ఏటి సెయ్యమంటావు?" అని. "పలికిన మనిసికి కర్మేటి?" అంది అమ్మ. అంతే. మావయ్య పెళ్ళి కర్మ కాకుండానే జరిగింది. పెద్దలు మూతులు ముడుచుకున్నారు గానీ భోజనాలు మాత్రం మానలేదు. కొన్నేళ్ళకి ఆ దేశం తలుపులు మూసేసుకుంది. అమ్మ మళ్ళీ వెళ్ళలేదు. కుళాయి దగ్గర రంగం మాట ఎత్తడం కూడా మానేసింది. ఆ మాట కోసం నేనే ఎదురుచూసేదాన్ని.

పందొమ్మిదివందల డెబ్బైల్లో అమ్మ రైల్వే ఆసుపత్రిలో మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం జ్వరంలో కళ్ళు మూసుకునే "అమ్మా" అంది. గ్లాసులో నీళ్ళు పోస్తున్న నేను అటు చూడకుండానే "ఏటమ్మా" అన్నాను.

అమ్మ కళ్ళు తెరిచింది. నాకేసి తిరిగింది.

"ఆ ముసిల్దీ ఇలాగే పలికినాది గుంటా. మా అమ్మ గొంతు నాకు తెల్దేటి? ఆ గొంతు కాదది."

"మరి మావయ్యనెందుకు ఆపినావే?"

"నాను పిలిస్తే ఒకరు పలికినారు. ఆ పలుకు సెవిలో ఉండగా బొమ్మనెలా కాల్సమంటాను?" అంది. నీళ్ళు తాగి, మళ్ళీ పడుకుంది. "నాను పోయినాక సెయ్యమను తమ్ముణ్ణి. అప్పుడింక ఆవిణ్ణి పిలిసేవోళ్ళు ఉండరు."