కుళాయి కింది అమ్మోరు

మా బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదు. టీ గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. పెరట్లో కుళాయి వాషరు పోయి చుక్కచుక్కగా కారడం మొదలైన రెండేళ్ళకు, కింద గచ్చు మీద ఆ తెలుపే బొడిపెలా లేచింది. దాని మీద పచ్చని నాచు, జిగురుగా. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో కుళాయి కారలేదు. ఆయన పోయాక నేను బాగు చేయించలేదు. చుక్క పడే చప్పుడు ఇంట్లో ఇంకొకరు ఉన్నట్టు ఉండేది.

నెలకోసారి ఆయన ఉక్కు స్కేలుతో బొడిపె ఎత్తు కొలిచి, పక్క గోడ మీద పెన్సిలుతో గీత గీసి తేదీ వేసేదాన్ని. తేదీ వెయ్యని కొలతను నేను నమ్మను.

మేడ గదిలో అద్దెకున్న బెంగాలీ అమ్మాయి రాళ్ళ గురించి చదువుతోంది. ఒకరోజు బట్టలు ఉతకడానికి దిగి, బొడిపె ముందు గొంతుక్కూర్చుంది.

"మాషీమా, దీన్ని బ్రష్షుతో రుద్దెయ్యకండి" అంది. మాషీమా అంటే వాళ్ళ భాషలో పిన్నిగారు.

వేడినీటి బుగ్గల దగ్గర మెట్లుమెట్లుగా పేరుకునే ట్రావర్టీన్ రాయికి ఇది దగ్గర చుట్టమట. సోడాలో బుడగలయ్యే వాయువే భూమిలోపలి నీళ్ళలోనూ ఉంటుంది. అది బయటికి పోయినప్పుడు నీళ్ళలో కరిగిన సున్నం రాయిగా మారుతుంది. అది దానంతటదే జరిగేదే. కానీ నాచులో కంటికి కనబడని జీవులు ఎండపూట ఆ వాయువును పీల్చుకుని పని తొందర చేస్తాయి. వాటి జిగురుకు సున్నపు రేణువులు అతుక్కుంటాయి. కిందివి రాయిలో పూడిపోతుంటే, మిగిలినవి వెలుతురు కోసం పైకి పాకుతాయి. అలా పొర మీద పొర.

తరవాత ఒక శుక్రవారం వెనకింటి కోడలు బిందె పట్టుకుని నీళ్ళకు వచ్చింది. వాళ్ళది తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. బొడిపె చూసి బిందె దించేసింది.

"ఏటి పిన్నీ, అమ్మోరు ఎలిసినాది, ఒక్క మాటైనా సెప్పనేదు."

మరుసటి శుక్రవారం నలుగురు వచ్చారు. బొడిపెకు పసుపు పూసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి పిండారు. తరవాత అందరం పెరట్లోనే కూర్చుని టీ తాగాం. నా పెరట్లో అంతమంది ఒకేసారి మాట్లాడి ఎంతకాలమైందో, ఆ తేదీ మాత్రం నా దగ్గర లేదు. ఆ పైన ప్రతి శుక్రవారం వచ్చారు.

నాచు గోధుమరంగుకు తిరిగి ఊడిపోయింది. బొడిపె ఎదగడం ఆగింది, ఆ తరవాత గీత కిందికే దిగింది. మేడ మీది అమ్మాయిని అడిగాను. పసుపు సంగతి గట్టిగా చెప్పలేనంది, నిమ్మరసం మాత్రం సున్నాన్ని తినేస్తుందంది.

ఈ మాట చెబితే వాళ్ళు రారని నాకు తెలుసు. చెప్పకూడదనే అనుకున్నాను. కానీ వెనకింటి కోడలే అడిగింది.

"అమ్మోరు పెరుగుతున్నాది కదా పిన్నీ? నువ్వు గీతలెడతావు, సూసి సెప్పు."

"పెరగట్నేదమ్మా, తరుగుతున్నాది. పసుపూ నిమ్మకాయా మానెయ్యండి. ఆ నాచులో కంటికి ఆనని పానాలున్నాయి. అవే దీన్ని కడతన్నాయి" అన్నాను, వాళ్ళ యాసలోనే.

"పసుపు పూస్తే తరుగుతారేటి? అయితే మా అత్తకి రోజూ పూస్తాను" అని ఒకామె నవ్వింది.

వెనకింటి కోడలు నవ్వలేదు. "ఇన్నాళ్ళూ పురుగులకి దణ్ణమెట్టినామంటావేటి?"

"పురుగులని నేనన్నానేటి?"

"అమ్మోరి కాడ లెక్కలేటి పిన్నీ" అని పళ్ళెం తీసుకుంది. పొయ్యి మీద టీ మరుగుతూనే ఉంది. నలుగురూ వెళ్ళిపోయారు.

వానలు వెలిశాక నాచు మళ్ళీ పట్టింది. మొన్న బజారు నుంచి టోటోలో, అదే బ్యాటరీ ఆటోలో, వస్తుంటే వెనకింటి కోడలు ఎక్కి నా పక్కనే కూర్చుంది. సంచి ఒళ్ళోకి తీసుకుని అడిగింది.

"పెరిగినాదేటి?"

"పెరిగినాది."

"ఎంత?"

"బియ్యపు గింజంత. ఒచ్చి సూడు."

తలూపింది. మా వీధిలో నా పక్కన కనబడకూడదనేమో, పూరీ గేట్ స్టాపు రాకముందే, ఇంకా ఇల్లు దూరముండగానే, టోటో ఆపించి దిగిపోయింది.