తమ్ముడి మొదటి గడప

సౌదీలోని ఈ జుబైల్‌లో గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి తిరిగిందంటే కుళ్ళిన కోడిగుడ్ల వాసన పిలవని చుట్టంలా ఇంట్లోకొచ్చి కూర్చుంటుంది. చదువు ఏడో తరగతిలోనే నన్ను వదిలించుకుని బతికిపోయింది గానీ ఈ వాసన వదల్లేదు. ముక్కుకి తగిలితే చాలు, మళ్ళీ ఎనిమిదేళ్ళవాణ్ణయిపోతాను.

అప్పుడు నాన్న ఇక్కడ వెల్డరు. డిసెంబరులో అమ్మ కర్టెన్లు దగ్గరికి లాగి అరిసెలు వండేది, క్రిస్మస్ పాటలు గొంతులోనే పాడుకునేవాళ్ళం, నా గొంతుకి అదే మేలని నాన్న అనేవాడు. తమ్ముడు పుట్టింది మాత్రం మండే వేసవిలో. ఆస్పత్రి నుంచి ఇల్లు చేరిన బిడ్డ ఆ తర్వాత దాటే మొదటి గడప చర్చిదే కావాలని గోదావరి వైపు మా ఇంటి ఆచారం. నాకంటే ముందు పుట్టినవాణ్ణి అలా తీసుకెళ్ళనందుకే పోయాడని అమ్మ నమ్మకం. ఈ దేశంలో చర్చి ఎక్కడిది? నాలుగో రోజుకి తమ్ముడి కళ్ళు పచ్చబడ్డాయి. ఆస్పత్రికి పోదామని నాన్న, ముందు చర్చి అని అమ్మ రెండు రోజులు వాదించుకున్నారు. చివరికి నాన్నతో పనిచేసే కేరళ ఆర్థడాక్స్ ఫిట్టరు ఒకాయన, ఎడారిలో పూర్వపు క్రైస్తవ సన్యాసుల మఠం శిథిలాలున్నాయనీ, గోడల మీద సిలువ గుర్తులు కూడా ఉన్నాయనీ చెప్పాడు.

శుక్రవారం పులిహోర డబ్బాతో సహా బయల్దేరాం. తీరా చూస్తే చుట్టూ ఇనుప కంచె, దాని వెనక ఇసుకలో సగం మునిగిన గోడలు. కొంగు కింద తమ్ముణ్ణి దాచుకుని అమ్మ దారి కోసం కంచె చుట్టూ తిరుగుతూనే ఉంది.

"ఇదే గడపనుకోవే. కంచెకి ఆనించెయ్, పోదాం" అన్నాడు నాన్న.

"కంచె గడపెలాగవుద్దండీ? అదిగో, లోపల తలుపు సందు కనపడతంది."

అప్పటిదాకా ఏడ్చిన తమ్ముడు ఊరుకున్నాడు. వీడికి ఇప్పటికి బుద్ధొచ్చిందే అమ్మా అన్నాను. అమ్మ నవ్వింది కూడా. కంచె సందులోంచి వాడి పాదం లోపలి ఇసుకకి తాకించాకే కదిలింది. ఆస్పత్రిలో డాక్టరు, ఇన్నాళ్ళూ ఏం చేశారని అడిగాడు. తెల్లారేసరికి తమ్ముడు లేడు.

ఇప్పుడు నేనూ ఇక్కడే వెల్డరుని. మేమున్న క్వార్టర్లు పడగొట్టేశారు, శిథిలాలకి వెళ్ళే మట్టిదారి ఇసుకలో కలిసిపోయింది, నాన్న పోయాడు. ఊళ్ళో అమ్మ, ఎవరింట బిడ్డ పుట్టినా పిలవకుండానే వెళ్ళి, గుమ్మం వెలుతురులోకి తెచ్చి బిడ్డ కళ్ళు విప్పి చూస్తుందట. కాస్త పచ్చగా కనిపిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో కోసం పరిగెడుతుందట.