చౌడప్ప కత్తికి చెంబెడు నీళ్లు

మా ఊళ్లో చౌడప్ప చేత గడ్డం చేయించుకోవాలంటే ముందు ఆయన కత్తికి నీళ్లివ్వాలి. అరుగు మీద పొది విప్పగానే, "ఒక చెంబెడు మంచినీళ్లు తెప్పించు అయివారూ" అనేవాడు. ఆ చెంబులో సగం నా గడ్డానికి. మిగతా సగం, పని అయిపోయాక, కత్తికి. బద్వేలుకు ఆరు మైళ్ల దూరంలో, ఎండలు ముదిరితే ఆడవాళ్లు కడవ నీళ్ల కోసం మైలు నడిచే ఊరు మాది. అలాంటి ఊళ్లో ఇనుముకు స్నానం చేయించే మనిషిని చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నాకూ మండేది. బోర్డు బడికి పంతులుగా వచ్చిన కొత్తలో ఒకసారి కసిరాను కూడా.

"ఎందుకీ దండగ? తుడిస్తే పోదా?" అన్నాను.

"తుడిస్తే పోదు అయివారూ" అన్నాడు.

కడిగిన కత్తిని గుడ్డతో ఒత్తి, కాసేపు ఎండకు పట్టి, ఆముదం రాసి, పొడిగుడ్డలో చుట్టేవాడు. ఆయన పొదిలో ఒక రేకుడబ్బా ఉండేది. దాని అడుగున నీళ్లు తగలని సున్నపురాళ్లు, వాటి మీద మందంగా ఒక గుడ్డ మడత. కత్తిని అందులో పడుకోబెట్టి మూత బిగించేవాడు. మా సీమలో గొడ్డలి అయినా కొడవలి అయినా పాతబడి చస్తుంది గాని తుప్పు పట్టి చావదు. అందుకే ఆ డబ్బాను చూసి ఊరంతా నవ్వేది. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. తల వంచుకొని, మూత మళ్లీ ఒకసారి నొక్కి, పక్కింటికి పోయేవాడు.

ఇంకొక వింత కూడా ఉండేది. కత్తి అంచులో పిడి వైపు భాగాన్ని ఆయన ఎవరి చర్మానికీ తాకనిచ్చేవాడు కాదు. ఎప్పుడూ మొన వైపు సగంతోనే పని. అందుకోసం మణికట్టును ఒక పక్కకు మెలిపెట్టి పట్టుకునేవాడు. గంట పని గంటన్నర అయ్యేది. సాయంత్రానికి చెయ్యి వాచిపోయి, వేళ్లు ముడవడానికి కష్టపడుతుంటే చాలాసార్లు చూశాను. అది ఆయన వాటం కాబోలు అనుకున్నాను. పన్నెండేండ్లు నా గొంతు ఆయన చేతికి అప్పగించి కూర్చున్నవాణ్ణి. ఒక్కసారైనా నిలదీసి అడగని నా బద్ధకాన్ని ఇప్పుడు తిట్టుకుంటున్నాను.

అన్నకు చెప్పాల్సిన ఒక మాట చౌడప్ప గొంతులో పద్దెనిమిదేండ్లు ఉండిపోయింది. ఆ డబ్బా, ఆ నీళ్లు, ఆ మెలితిరిగిన మణికట్టు అన్నీ దాని చుట్టూ పెరిగినవే.

అన్నదమ్ములు ఇద్దరు. పెద్దవాడు ఓబన్న, చిన్నవాడు చౌడప్ప. తండ్రి పేరు పెద్దన్న, అహోబిలం తిరునాళ్లలో తలనీలాలు తీసి మంచి పేరు తెచ్చుకున్నవాడు. ఆయన పోతూ పోతూ కొడుకులకు ఇచ్చింది ఒకే ఒక కత్తి. కొమ్ముపిడి, బరువైన ఉక్కు. ఊరు కూడా ఒక్కటే కాబట్టి ఇద్దరూ వంతులు వేసుకున్నారు. ఒక ఉగాది నుంచి మరుసటి ఉగాది దాకా కత్తి, ఊరిపని ఒకరివి. ఆ ఏడాది రెండోవాడు పెళ్లిళ్లలో సన్నాయి ఊదుకొని, కూలికి పోయి బతకాలి. ఉగాది నాడు తెల్లవారుతూనే కత్తి చేతులు మారేది. పదిహేను రోజులకు ఒకసారి మాత్రం, వంతు ఎవరిదైనా, అన్న గడ్డం తమ్ముడు, తమ్ముడి గడ్డం అన్న చేసుకునేవాళ్లు. వాళ్లకు గడ్డం చేయడానికి ఊళ్లో ఇంకెవరున్నారు?

రక్తాక్షి సంవత్సరం చౌడప్ప వంతు. ఆ ఏడాది చినుకు రాలలేదు. పుష్యమాసానికి ఊళ్లో సగం మంది నెల్లూరు అవతల సముద్రం ఒడ్డున ఉప్పు పండించే ఉప్పుకొటార్లకు కూలికి పోయారు. గడ్డాలే వెళ్లిపోయాక మంగలి ఊళ్లో ఉండి ఏం చేస్తాడు? చౌడప్ప కూడా కత్తి పట్టుకొని వాళ్ల వెంట నడిచాడు. పోయేముందు ఓబన్న పొలిమేర దాకా వచ్చి ఒకటే మాట అన్నాడు.

"ఉగాదికి కత్తి నా చేతికి రావల్ల. ఎట్ల పోతాండాదో అట్ల రావల్లరా."

"వస్తాదిలే అన్నా" అన్నాడు చౌడప్ప.

అక్కడికి పోయి చౌడప్ప చేసిన తప్పు మా సీమవాడు తప్ప ఇంకెవరూ చేయరు. మా దగ్గర మంగలి నీళ్లు వృథా చేయడు. ఒక ఇంట్లో పని అయ్యాక కత్తిని, సానరాయిని ఒకే తడిగుడ్డలో చుట్టి పొదిలో పెడతాడు. రాయికి కావలసిన చెమ్మ గుడ్డలోనే ఉంటుంది, పక్కింటివాళ్లను మళ్లీ నీళ్లు అడగనక్కర లేదు. పక్క వీధికి చేరేలోపల కత్తి చుట్టూ ఉన్న మడత ఎండిపోతుంది. తాతల నాటి అలవాటు, ఎవరి కత్తికీ ఏమీ కాలేదు. చౌడప్ప ఉప్పుకొటారు దగ్గర కూడా అదే చేశాడు. సముద్రపు గాలికి ఆ గుడ్డ ఆరలేదు. మర్నాడు పొద్దున విప్పితే కత్తి ఎర్రబడి ఉంది.

సానరాయి మీద రుద్ది పోగొట్టాడు. మర్నాటికి మళ్లీ వచ్చింది. బూడిదలో పెట్టాడు, బూడిదే చెమ్మగిల్లింది. ఆముదం పట్టించాడు, ఆముదం కింద నుంచి చుక్కలు చుక్కలుగా లేచింది. పాపం, రుద్దిన ప్రతిసారీ తుప్పుతోపాటు తండ్రి ఉక్కు కూడా కొంచెం పోతోందని ఆయనకు తెలుసు. పగలంతా కూలీల గడ్డాలు, పొద్దు వాలితే కత్తితో పోరు. నడుము వంగిపోయి, కళ్లు మంటలెత్తి, ఎందుకొచ్చానురా ఈ ఒడ్డుకు అని రోజూ అనుకునేవాడట.

పదిహేను రోజులయ్యాక ప్రేమయ్య అనే వల వేసే మనిషి గడ్డానికి వచ్చి కూర్చున్నాడు. కత్తిని చూసి ముందు నవ్వాడు, తర్వాత జాలిపడ్డాడు.

"నువ్వు ఉప్పు మీదనే నూనె రాస్తుండావయ్యా. లోపల అది తింటానే ఉంటది. ముందు మంచినీళ్లతో కడుగు. నిప్పు సెగకు ఆరబెట్టు. ఆ పైన ఆముదం, ఆ పైన పొడిగుడ్డ. గుల్లసున్నం ఉండే కుండలో పెట్టి మూతెయ్యి. సున్నం పొడి అయిపోతే మార్చు. మా గాలాలు ఏండ్ల తరబడి అట్టాగే ఉంటాయి."

చెప్పడం సులభమే. ఉప్పుకొటారు దగ్గర మంచినీళ్లు రెండు మైళ్ల నుంచి మోసుకొస్తే మనిషికి ఇన్ని చెంబులని పంచేవాళ్లు. మనిషి తాగే నీళ్లు ఇనుము మీద పోయడానికి చౌడప్పకు చెయ్యి రాలేదు. బద్వేలు వైపు పుట్టినవాడికి ఎలా వస్తుంది? ఇంకొక వారం తుడుస్తూనే గడిపాడు. చివరికి ఒకరోజు తాను తాగాల్సిన చెంబులోంచి సగం కత్తి మీద పోశాడు. ఆ రోజు నుంచి కత్తి ఎర్రబడలేదు.

కానీ ఆ వారంలోనే పిడి వైపు అంచులో వడ్లగింజంత మేర తుప్పు లోపలికి దిగిపోయింది. నూరితే పైకి నున్నగా మెరిసేది. రెండు గడ్డాలు చేస్తే ఆ చోట అంచు పొడిపొడిగా రాలేది. చౌడప్ప దాన్ని నూరాడు, మెరిపించాడు, ఉగాదికి ఊరు చేరాడు.

రక్తాక్షి పోయి క్రోధన వచ్చిన ఉగాది. తెల్లవారుతూనే కత్తి అన్న చేతిలో పెట్టాడు. ఓబన్న వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "శానా బాగ పెట్టుకున్నావురా" అని తమ్ముడి భుజం తట్టాడు. నోరు విప్పాల్సింది అప్పుడే. అంత మెచ్చుకున్నాక ఎలా చెప్పేది? సాయంత్రం చెబుదాం అనుకున్నాడు చౌడప్ప.

సాయంత్రం దాకా ఆగలేదు. పంచాంగం వినడానికి కూర్చోవాల్సిన ఊరిపెద్ద పెదరెడ్డికి ఓబన్న గడ్డం చేస్తుంటే, కత్తి అంచు విరిగి దవడ కింద లోతుగా తెగింది. పండగపూట తెల్లపంచె మీద నెత్తురు. ఇంటినిండా జనం.

"చెయ్యి వణుకుతాండాది నీకు. ముసిలోడివైనావు, ఇంక చాలించప్పా" అన్నాడు పెదరెడ్డి.

ఓబన్నకు అప్పటికి నలభై రెండేండ్లు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఆయన చెయ్యి లాంటి చెయ్యి లేదని పేరు. ఓబన్న కత్తి అంచును బొటనవేలితో తడిమి చూశాడు. విషయం అర్థమైంది. తలెత్తి, గడప దగ్గర నిలబడ్డ తమ్ముడి వైపు చూశాడు. ఒక్క మాట, "కత్తిది తప్పు, నేనే చెప్పలేదు" అంటే చాలు. చౌడప్ప నేలచూపులు చూశాడు. ఓబన్న కూడా తమ్ముడి మీదికి నెట్టలేదు. "అవునప్పా, చెయ్యే వణికింది" అన్నాడు.

ఇంటికి వచ్చి కత్తి తమ్ముడి ముందు పెట్టాడు. "నీ దగ్గరే ఉండనీ. నాకింక వంతొద్దు" అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. మాటలు కూడా మానలేదు. కానీ పదిహేనో రోజు చౌడప్ప పొది పట్టుకొని వస్తే, "వద్దులే" అన్నాడు. ఆ తర్వాతి పదిహేనో రోజు కూడా వద్దులే. అంతే, గడ్డం పెరిగింది. కడప జిల్లా మొత్తంలో రొమ్ము దాకా గడ్డమున్న మంగలి ఓబన్న ఒక్కడే అయి ఉంటాడు. పెళ్లిళ్లలో ఆయన సన్నాయి ఊదుతుంటే ఆ గడ్డం ఊగేది, జనం నవ్వేవాళ్లు. చౌడప్ప ఆ నవ్వు విన్న ప్రతిచోటి నుంచీ లేచి వెళ్లిపోయేవాడు. అన్న చెయ్యి వణికిందన్న మాట ఊళ్లో నిలిచిపోయింది. నేను వచ్చేనాటికి అందరూ దాన్ని నిజమనే చెప్పేవాళ్లు. నేనూ నమ్మాను.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో, స్వభాను సంవత్సరం మాఘమాసంలో, ఓబన్న మంచం పట్టాడు. మూడు నెలలు తీసుకున్నాడు. ఒకరోజు బడి వదిలే వేళకు ఆయన భార్య సోమక్క వచ్చింది.

"మా ఇంటాయన నిన్ను పిల్చుకరమ్మన్నాడు అయివారూ. చౌడప్పను గూడ రమ్మన్నాడు, పొది తీస్కొని" అంది. ఎందుకో ఆమెకు కూడా తెలియదు.

నేను పోయేసరికి ఓబన్నను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. గంజి మెతుకులు గడ్డంలో ఇరుక్కొని ఉన్నాయి. చౌడప్ప ఎదురుగా పొది విప్పకుండా గొంతుక్కూర్చున్నాడు. ఆయనకూ యాభై దాటింది, జుట్టు నెరిసింది.

"గడ్డం తియ్యరా, బరువైతాండాది" అన్నాడు ఓబన్న.

చౌడప్ప పొది మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కదల్లేదు.

"కత్తి పట్టకముందు ఏమన్నా చెప్పేదుంటే చెప్పు. నాగ్గాదు, నాకు తెలుసు. ఆ అయివారికి చెప్పు."

చౌడప్ప నా వైపు తిరిగాడు. సోమక్క ఏమిటేమిటని కంగారుగా మా ముగ్గురి ముఖాలూ చూస్తోంది. చివరికి చౌడప్ప డబ్బా మూత తీసి, కత్తి తెరిచి, పిడి వైపు అంచు మీద వేలు పెట్టి చూపించాడు.

"ఈడ తుప్పు తినింది అయివారూ. ఉప్పుకొటారు కాడ తినింది, నా చేతిలో ఉన్నప్పుడు. నాకు తెలిసీ చెప్పకుండా మాయన్న చేతికిచ్చినా. ఆ పొద్దు పెదరెడ్డిని కోసింది ఇదే. మాయన్న చెయ్యి వణకలేదు. యా పొద్దూ వణకలేదు."

నాకు ఏడుపూ, కోపమూ రెండూ వచ్చాయి. కోపం ఎవరి మీదో మాత్రం తేల్చుకోలేకపోయాను. ఇంత చిన్న మాట కోసం పద్దెనిమిదేండ్లు కాచుకున్న ఈ ముసలాయన మీదనా, అన్నేండ్లు నోరు పెగలని ఆ తమ్ముడి మీదనా? సోమక్క పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"విన్నావు గదా అయివారూ? నువ్వు రాసేవాడివి. రాసి పెట్టు" అన్నాడు ఓబన్న. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "ఇంత మాటకు ఇంత గడ్డం మోయించినావు గదరా" అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది.

దగ్గు తగ్గాక చుబుకం పైకెత్తి కళ్లు మూసుకున్నాడు. చౌడప్ప ముందు కత్తెరతో దించి, తర్వాత కత్తి పట్టాడు. మణికట్టును అలాగే ఒక పక్కకు మెలిపెట్టి, మొన వైపు సగంతో గీశాడు. చాలాసేపు పట్టింది. ఒక్క గీత కూడా పడలేదు. గడ్డం పోయాక ఓబన్న ముఖం ఎంత చిన్నదైపోయిందో చూసి చౌడప్ప తలపాగాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఎండలు అప్పటికే ముదిరాయి. ఇంట్లో ఉన్నది ఒక్క కడవ. సోమక్క దాన్ని వంచి, చెంబు నిండా నీళ్లు ముంచి, కత్తి కడుక్కోమని మరిది ముందు పెట్టింది.