ఫైరింజన్ అక్క చేసిన ఫిర్యాదు

డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఆ అమ్మాయికి పిల్లలు ‘ఫైరింజన్ అక్క’ అని ఊరికే పేరు పెట్టలేదు. ఎక్కడ గొడవ జరిగినా అక్కడ వాలిపోయేది. బస్సులో చెయ్యి వేసినవాడి వేలు పట్టుకుని ఫటుక్కున వెనక్కి విరిచేసింది. కాలేజీ గేటు దగ్గర కుక్కపిల్లను తన్నినవాణ్ని హెల్మెట్‌తో చితకబాదింది. ప్రిన్సిపాల్ పిలిచి చీవాట్లు పెడితే, “ముందు వాణ్ని కుక్కకి సారీ చెప్పమనండి సార్, తర్వాత నేనూ చెప్తా” అని వచ్చేసింది.

అంత గయ్యాళీ ఇంట్లో వాళ్ల నాన్న ముందు మాత్రం పిల్లి. ఆయన టైలరు. కూతురి మీద ఒక్కనాడు చెయ్యెత్తి ఎరగడు. చిన్నప్పుడు ఆమె మార్కుల కార్డు దాచి దొరికిపోతే, మిషను ఆపి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, “పంచదార డబ్బాలో ఎవరైనా దాస్తారా తల్లీ, మీ అమ్మ పూటకోసారి చెయ్యి పెడుతుంది కదా” అని పడీపడీ నవ్వాడు. ఆమెకు తెలిసిన నాన్న ఆయనొక్కడే. నాన్నలంతా అలాగే ఉంటారనుకుంది. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

వారానికి మూడు సాయంత్రాలు ఆమె పేటలోని పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పేది. షట్టర్లు తయారుచేసే వర్క్‌షాపు మీద ఒక గది. కింద రేకుల మీద సుత్తి దెబ్బలు, పైన ఎక్కాలు. ఎవరు ఎక్కువ గోల చేస్తున్నారో చెప్పడం కష్టం. ఆ గదిని నడిపేది ఒక రిటైరైన నర్సమ్మ. ఆవిడ ప్రతి శనివారం ఫైరింజన్ అక్క చేత చీటీలు రాయించి పిల్లలతో ఇంటికి పంపించేది. పెద్దవాళ్ల సంతకం పెట్టించుకుని సోమవారం తేవాలి. చీటీలో మంచి మాట ఒక్కటే ఉండాలి. “చెడ్డమాట ఈ గుమ్మం దాటకూడదు. ఏదున్నా నా చెవిన వెయ్యి” అని ఆవిడ మొదటిరోజే చెప్పింది. ఎందుకని ఫైరింజన్ అక్క అడగలేదు. ఈ ముసలమ్మ పిల్లల్ని నెత్తికెక్కించుకుంటోందిలే అనుకుంది.

పిల్లల్లో ఒకతె బుడంకాయ. తొమ్మిదేళ్లు, పొట్టిది, నోరు తెరిస్తే ఆగదు. భాగహారాలు గాల్లోనే చేసేస్తుంది. కింద సుత్తి ఎంత గట్టిగా పడినా ఉలిక్కిపడేది కాదు గానీ, ఫ్యాను స్విచ్చి కోసం ఎవరైనా తల మీదుగా చెయ్యి చాపితే చటుక్కున మోచెయ్యి అడ్డం పెట్టుకునేది. “ఏమే, నేనేమన్నా పులినా?” అని ఫైరింజన్ అక్క నవ్వేసేది. ప్రపంచంలోని అన్యాయమంతా కనిపించే ఆ కళ్లకు ఎదురుగా ఉన్నది కనిపించలేదు, ఏం చేస్తాం!

ఒక సోమవారం బుడంకాయ తెచ్చిన చీటీ మీద సంతకం ఊదారంగులో తళతళా మెరుస్తోంది. బస్సు డ్రైవరుగా చేసే మనిషి మెరుపుల పెన్నుతో సంతకం పెడతాడా? పాత చీటీలు తీసి చూస్తే నాలుగు వారాలుగా అదే పెన్ను.

“మంచి మాటే రాశాను కదే? మరి దొంగ సంతకం ఎందుకు?”

బుడంకాయ రెండు చేతులూ జోడించింది. “అక్కా, ప్లీజ్ అక్కా. నెలంతా గది నేనే ఊడుస్తా. ఇంటికి మాత్రం రావద్దక్కా.”

“మీ నాన్నేమన్నా కొరుక్కుతింటాడా నిన్ను?”

ఆ రోజు నర్సమ్మ కంటి ఆపరేషన్‌కని వెళ్లింది. చెవిన వెయ్యడానికి ఎవరూ లేరు. ఇవాళ సంతకం, రేపు ఇంకేదో, మొగ్గలోనే తుంచెయ్యాలని మన ఫైరింజన్ అక్క చీటీలు పట్టుకుని, పిల్లను చెయ్యి పట్టి నడిపించుకుని బయల్దేరింది.

ఇల్లు రెండో అంతస్తులో. డ్రైవరు అప్పుడే డ్యూటీ దిగాడు. ఆమెను చూడగానే లేచి నిలబడి, కుర్చీ తుడిచి వేశాడు. “కూర్చోండి మేడం.” తాగుడు వాసన లేదు, కేకలు లేవు. భార్య తల ఎత్తకుండా మంచినీళ్లు తెచ్చిచ్చింది. చీటీలు చూసి అతను గట్టిగా నవ్వాడు. “నా సంతకం నాకన్నా బాగా పెట్టింది చూశారా! చెప్పి మంచిపని చేశారు మేడం.” ఆమె కూడా నవ్వింది. తలుపు పక్కన బుడంకాయ భుజాన సంచి తియ్యకుండానే నిలబడి ఉంది. కాళ్ల దగ్గర నేల తడిసింది. తల్లి గబగబా గుడ్డ వేసి తుడిచేసింది. గ్లాసు తొణికిందేమో అనుకుంది ఫైరింజన్ అక్క.

ఆమె నాలుగు మెట్లు దిగిందో లేదో, పైన గడియ పడిన చప్పుడైంది. తర్వాత అతని గొంతు, అంతే మర్యాదగా: “పెన్ను ఏ చేత్తో పట్టుకున్నావమ్మా? చూపించు.”

ఏదో ఫట్‌మని విరిగింది. ఆ వెంటనే వినిపించిన అరుపు పిల్ల గొంతులోంచి వచ్చిందంటే ఎవరూ నమ్మరు.

ఆమె మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. తలుపు మీద కాళ్లతో తన్నింది. పక్కింటావిడ ఉల్లిపాయలు తరుగుతూ స్టూలు మీంచి లేచి, “వాళ్లింట్లో మామూలేనమ్మా. కాసేపటికి ఆగిపోతుంది, నువ్వెళ్లు” అంది. ఆవిడ లేచిన ఇనప స్టూలునే ఫైరింజన్ అక్క లాక్కుని కిటికీ అద్దం పగలగొట్టింది. పగిలిన అద్దంలోంచి చెయ్యి దూర్చి గడియ తీసింది. మోచేతి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది.

లోపల అతను బెల్టు చేతికి చుట్టుకుని నిలబడ్డాడు. బకిలు కిందికి వేలాడుతోంది. పిల్ల బల్ల కింద ముడుచుకుని ఉంది, కుడిచెయ్యి వంగకూడని చోట వంగింది. తల్లి గోడకు అతుక్కుపోయి తన నోరు తనే మూసుకుంది.

“మేడం, ఇది మా ఇంటి విషయం” అన్నాడతను. అంటూనే పిడికిలితో ఆమె నోటి మీద గుద్దాడు. ఒక పన్ను నాలుక మీదికి వచ్చి పడింది. ఆమె స్టూలెత్తి శక్తికొద్దీ అతని మోకాలి మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. అతను ఒక కాలి మీద తూలుతూనే ఆమె జుట్టు దొరకబుచ్చుకుని తలను గోడకేసి బాదాడు. ఆమె అతని మణికట్టు కొరికింది, నోటినిండా నెత్తురు, ఎవరిదో తెలీదు. కింద అంతస్తుల మగవాళ్లు పరిగెత్తుకొచ్చి, ముందు పట్టుకున్నది ఆమెనే! బయటి మనిషి కదా, చేతిలో స్టూలు కూడా ఉందాయె.

“నన్ను కాదురా సన్నాసుల్లారా, పిల్ల చెయ్యి చూడండి!”

అప్పుడు చూశారు. ఆమెను వదిలేశారు.

ఆసుపత్రిలో చెయ్యి రెండు చోట్ల విరిగిందన్నారు. ఒక పోలీసు కాయితాలు పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. బయట వరండాలో డ్రైవరు మోకాలికి కట్టుతో బల్ల మీద కూర్చుని, పిల్ల మెట్ల మీద పడిందనీ, ఈ పిచ్చిపిల్ల తన మీద పడి కొట్టిందనీ వచ్చేపోయేవాళ్లకు వినయంగా చెప్తున్నాడు. కాదని ఎవరూ చెప్పకపోతే ఆ రాత్రే కూతుర్ని ఇంటికి తీసుకుపోతాడు.

“ఎవరు కొట్టారమ్మా?” అని పోలీసు అడిగాడు.

“మెట్ల మీద పడ్డాను” అంది బుడంకాయ.

ఫైరింజన్ అక్క వాచిన పెదాలతో అరిచింది. “అబద్ధం! భయపడకే, నిజం చెప్పు!”

బుడంకాయ ఆమె వైపు చూసింది. “నువ్వు చెప్పావుగా అక్కా నిజం” అంది.

బెల్టుతో కొట్టినా అంత తగిలేది కాదు. ఆమె అక్కడే నేల మీద కూలబడింది. ఇంతలో ఒక కంటికి కట్టుతో నర్సమ్మ వచ్చింది. తిట్టలేదు. పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. “ఆరు నెలల నుంచి ఆ తల్లికి ధైర్యం నూరిపోస్తున్నాను. వచ్చే నెల పిల్లను తీసుకుని వాళ్లక్క దగ్గరికి వెళ్లిపోతానని ఒప్పుకుంది.”

“నాకెందుకు చెప్పలేదండీ?”

“చెప్తే ఊరుకునేదానివా? ఆ రోజే వెళ్లి వాడి తలుపు తన్నేదానివి.”

పోలీసు పెన్ను మూసి కాయితాలు సర్దుకుంటున్నాడు. అప్పుడు గోడవారనున్న తల్లి లేచి వచ్చింది.

“ఉండండి సార్. పిల్ల మెట్ల మీద పడలేదు.” తర్వాత వరండాలోకి వినపడేలా ఇంకా పెద్దగా అంది. “పెళ్లయిన మూడో నెలలో నా పక్కటెముక విరిగింది. అప్పుడూ మెట్ల మీంచి పడలేదు. పోయినేడు నా కడుపు పోయింది. అప్పుడూ పడలేదు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మెట్ల మీంచి పడలేదు సార్. అన్నీ ఆయన చేసినవే. రాసుకోండి.”

వరండాలో బల్ల కిర్రుమంది. పోలీసు ఇంకొకణ్ని పిలిచి తలుపు దగ్గర నిలబెట్టి, మళ్లీ పెన్ను తీశాడు. ఆవిడ చాలాసేపు చెప్పింది. మధ్యలో ఒక్కసారి కూడా తల దించలేదు.

ఫైరింజన్ అక్క మంచం పట్టీకి నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడుస్తోంది. బుడంకాయ బాగున్న చెయ్యి చాపి ఆమె నోరు గట్టిగా మూసింది.

“ఏడవకక్కా” అంది చెవిలో. “ఏడిస్తే ఇంకా ఎక్కువ కొడతారు.”