విన్నీ లంబ్ ఎంచుకున్న పుస్తకం

విన్నీ లంబ్ చేత ఏ పనైనా చేయించాలంటే "అది నీ వల్ల కాదులే" అంటే చాలని థార్న్‌క్లఫ్‌లో అందరికీ తెలుసు. తెలియనివాడు ఒక్కడే, కొత్తగా వచ్చిన బ్యాండు మాస్టరు.

పన్నెండేళ్ళ వయసులో ఆమె ఇత్తడి బూరలు వాయించే ఊరి బ్రాస్ బ్యాండులో చేరతానని వెళ్ళింది. ఆడపిల్లల్ని చేర్చుకునే అలవాటు అప్పట్లో లేదు. మొహం మీద వద్దనలేక ఆ పెద్దమనుషులు మూల పడి ఉన్న ట్యూబాని, బూరలన్నిట్లోకీ పెద్దదాన్ని, చూపించి, మోసుకుపోగలిగితే నీదేనన్నారు. పిల్ల కంటే బూర బరువు. విన్నీ ఇంటికెళ్ళి, తమ్ముడు ఎదిగాక అటకెక్కించిన చంటిపిల్లల తోపుడుబండి దింపుకొచ్చి, ట్యూబాని అందులో పడుకోబెట్టి, కొండ మీద ఇంటిదాకా తోసుకుపోయింది. దారిలో ఇద్దరు ముసలమ్మలు బిడ్డని చూద్దామని వంగి, ఉలిక్కిపడ్డారట.

అది జరిగి యాభై ఏళ్ళు. ఈ యాభై ఏళ్ళలో ఆమె బడి వంటశాలలో ఉద్యోగం చేసింది, పెళ్ళి చేసుకుంది, మొగుణ్ణి మట్టిలో పెట్టింది. వారానికి రెండు సాయంత్రాలు మాత్రం బ్యాండు గదిలో తన కుర్చీ ఖాళీగా ఉంచలేదు. కార్నెట్ అనే చిన్న బూర వాయించే ఆ మొగుడు హెరాల్డ్ పోయినప్పుడు, అతనికిష్టమైన చర్చి కీర్తనని బ్యాండు మొత్తానికీ తనే రాసింది. బంగాళాదుంపలు నలుపుతూ ఒక్కొక్క బూర పాటా మనసులో పాడుకుని, సాయంత్రం కాగితం మీద పెట్టింది. చదివి రాసింది కాదు, చెవి చెప్పినట్టు రాసింది. అప్పటి నుంచి పదిహేడేళ్ళుగా, ఏటా వేసవి మొదట్లో వచ్చే చర్చి పండుగ, విట్ శుక్రవారం పొద్దున ఊరి జనం జెండాలు పట్టుకుని చర్చి నుంచి నడిచినప్పుడల్లా బ్యాండు ముందు నడుస్తూ అదే వాయించింది.

కొత్త మాస్టరు జూలియన్ ఫెన్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. లండన్‌లో పెద్ద కాలేజీలో చదివాడు. సెప్టెంబరులో మొదటి సాధన రోజునే బ్యాండు పాటలు దాచే నల్ల ఫైళ్ళన్నీ తిరగేసి, ఆ కీర్తన కాగితాలు బయటికి లాగాడు.

"ఇదెవరు రాశారు?"

"నేనే" అంది విన్నీ, ట్యూబా వెనకనుంచి.

"ఏమీ అనుకోకండి, మిసెస్ లంబ్. మనసు పెట్టి రాశారు, కాదనను. కానీ ఇందులో తప్పులున్నాయి. సంగీత సిద్ధాంతం పరీక్షకి ఎనిమిదో గ్రేడు చదివినవాళ్ళెవరూ చెయ్యని తప్పులు. పోటీలకెళ్ళే బ్యాండు కదా మనది. నలుగురూ నవ్వుతారు."

విన్నీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పదిహేడేళ్ళుగా ఎవడూ నవ్వలేదే! సరే అబ్బాయ్, ఆ ఎనిమిదో గ్రేడేదో నేను పాసైతే వాయిస్తావా?"

యుఫోనియం వాయించే టెడ్డీ కిసుక్కుమన్నాడు. "వాయిస్తానని చెప్పకండి మాస్టారూ, ఇరుక్కుంటారు."

"పాసైతే తప్పకుండా వాయిద్దాం" అన్నాడు జూలియన్, చంటిపిల్లకి చందమామని ఇస్తానన్నట్టు నవ్వుతూ. ఎనిమిదో గ్రేడు అంటే ఆ పరీక్షల్లో ఆఖరి మెట్టు. ఐదు పాసైనవాళ్ళు తిన్నగా దానికే కూర్చోవచ్చు. విన్నీ ఐదు పాసైంది, పదిహేనో ఏట. ఆ తర్వాత సిద్ధాంతం మొహం చూడలేదు.

శనివారం పొద్దున్నే బస్సెక్కి పట్నంలో సంగీతం దుకాణానికి వెళ్ళింది. దుకాణాయన రంగురంగుల బొమ్మలున్న పల్చటి పుస్తకం బల్ల మీద పెట్టాడు.

"మనవరాలికా అమ్మా?"

"నాకే. ఎనిమిదో గ్రేడు."

ఆయన ఆమెని పైనుంచి కిందికి చూసి, బొమ్మల పుస్తకం మెల్లగా వెనక్కి తీసి, మూడు పుస్తకాలు తెచ్చాడు. ఒకటి పరీక్ష వాళ్ళు వేసిన అభ్యాసాల పుస్తకం. రెండోది పాత ప్రశ్నలకి మాదిరి జవాబులు. మూడోది ఎవరో వాడి అమ్మేసిన లావుపాటిది, అట్ట ఊడింది, వెనక జవాబులు లేవు.

"మొదటి రెండూ చాలు. జవాబులు నాలుగుసార్లు చూసి రాస్తే చెయ్యి దానంతటదే తిరుగుద్ది. అందరూ అలాగే పాసవుతున్నారు. ఈ లావుది యూనివర్సిటీ వాళ్ళ కోసం, మీకెందుకు?"

"మీకెందుకు" అన్న మాట అనకుండా ఉండాల్సింది. విన్నీ అక్కడే నేల మీద చతికిలబడి, సంచిలోంచి పంది మాంసం కూరిన పోర్క్ పై తీసి కొరుకుతూ మూడూ తిరగేసింది. పరీక్ష ఆమెది, నెగ్గాల్సిన పంతమూ ఆమెదే. చెయ్యి తిప్పుకుని పాసైతే ఆ కుర్రాడి ముందు కాగితం ఉంటుంది గాని నోరుండదు. అందుకని ఒకటే చూసింది. హెరాల్డ్ కీర్తనలో మూడో వరుస దగ్గర వింటే ఎందుకు ఒళ్ళు గగుర్పొడుస్తుందో ఏ పుస్తకం చెబుతుంది? అభ్యాసాల పుస్తకం ఇలా రాయి అంది. జవాబుల పుస్తకం ఇలా రాశారు అంది. లావుది మాత్రం ఒక స్వరం ఎటు మొగ్గుతుందో, దాన్ని ఆపితే చెవికి ఏమనిపిస్తుందో పేజీల కొద్దీ చెప్పింది. సగం అర్థం కాలేదు. అర్థమైన సగానికే కళ్ళు చెమర్చాయి.

"ఇదీ, ఆ అభ్యాసాలదీ" అని లేచింది. "జవాబులు మీరే ఉంచుకోండి."

నెలన్నర పాటు వంటింటి బల్ల మీద కూర్చుని నోటుబుక్కు నింపింది. కింది స్వరాలు సరిగ్గా చదివానా లేదా అని ప్రతిదీ ట్యూబాలో ఊది చూసుకుంది. చక్కగా పలికేవి. కానీ పైవరుసతో కలిపి, కలిసి మోగే స్వరాల గుంపుకి పేరు పెట్టబోతే ఒక్కటీ అతకదు. ఈ పాటలు కట్టిన పాతకాలపు జర్మనీ వాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని రాశారా అని తిట్టుకుంటూనే రాసింది. చివరికి నోటుబుక్కు చంకన పెట్టుకుని, చర్చిలో ఆర్గన్ వాయించే ఎనభై ఏళ్ళ ఈడిత్ గార్‌సైడ్ ఇంటికి వెళ్ళింది. చిన్నప్పుడు ఐదో గ్రేడు చెప్పింది ఆవిడే.

ఈడిత్ మూడు పేజీలు చూసి, కళ్ళజోడు తీసి, కడుపు పట్టుకుని నవ్వింది.

"ఒసే విన్నీ! కింది గీతల మొదట్లో ఉన్న గుర్తేమిటే?"

"బాస్ క్లెఫ్, కింది స్వరాల గుర్తు."

"మరి నువ్వు చదివిందేమిటి?"

విన్నీ చూసింది. చూసి చతికిలపడింది. బ్రాస్ బ్యాండులో కార్నెట్ నుంచి ట్యూబా దాకా దాదాపు అందరికీ ఒకే గుర్తుతో రాసిస్తారు, పియానో కుడిచేతికి రాసేదానితో. యాభై ఏళ్ళు ఆ ఒక్కటే చదివిన కళ్ళు బాస్ క్లెఫ్‌ని కూడా అలాగే చదివేశాయి. అదే కిటుకు: ఆమె ట్యూబాకి స్వరాలు మెట్లు మార్చి రాసిస్తారు కాబట్టి, అలా తప్పుగా చదివి ఊదినా అసలు రాసిన స్వరమే బయటికొస్తుంది. బూర ఒప్పు పలికింది, పెట్టిన పేరు మాత్రం ప్రతిచోటా తప్పు. ఈ తప్పు ఆర్గన్ వాళ్ళు చేయలేరు, వయొలిన్ వాళ్ళు చేయలేరు.

"జవాబుల పుస్తకం కొనుంటే మొదటి రోజే తెలిసేదిగా" అంది ఈడిత్, ఇంకా నవ్వాగక.

"జవాబు చూసి దిద్దుకునేదాన్ని. ఎందుకు తప్పో తెలిసేది కాదు. నవ్వింది చాలు టీచరమ్మా, ఎర్ర పెన్సిలివ్వు."

"అన్నీ మళ్ళీ రాస్తావా? డెబ్భై పేజీలున్నాయే!"

"ఊదిందే మళ్ళీ మళ్ళీ ఊదలేదూ, ఇన్నేళ్ళూ?"

మళ్ళీ రాసింది. క్రిస్మస్‌కి ఊరంతా తిరిగి వాయిస్తూ, మధ్యలో సారా దుకాణం బల్ల మీద కూడా రాసింది. టెడ్డీ పక్కన చేరి, "విన్నీ, నీ మెదడుకి నూనె వేయించు, కిర్రుమంటోంది" అంటే, "నీదైతే తుప్పు పట్టి ఊడిపోయిందిగా" అంది, తలెత్తకుండా. మార్చిలో పరీక్ష రాసింది. హాలులో ఆమె పక్క బల్ల మీద పద్నాలుగేళ్ళ పిల్ల, ఎదురుగా ఇంకా చిన్నది. ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చింది. గట్టెక్కడానికి కావలసినదానికంటే నాలుగు మార్కులు ఎక్కువ. ఆ నాలుగూ చూసి విన్నీ గట్టిగా ఏడ్చింది.

తర్వాతి సాధన రోజున ఉత్తరమూ, కీర్తన కాగితాలూ మాస్టరు స్టాండు మీద పెట్టింది. బ్యాండంతా చూస్తోంది. జూలియన్ ఉత్తరం రెండుసార్లు చదివాడు. అతని మొహంలో ఈసారి నవ్వు లేదు, నిజమైన గౌరవమే ఉంది. పెన్సిలు తీసి, మూడో వరుస దగ్గర ఆగాడు.

"అభినందనలు, మిసెస్ లంబ్. మాటంటే మాటే, వాయిద్దాం. కానీ ఇక్కడ చూడండి. ట్యూబాకీ ట్రాంబోనుకీ మధ్య సమాంతర పంచమాలు. స నుంచి ప దాకా ఉండే ఎడం అలాగే ఉంచి, రెండు గొంతుల్నీ జంటగా కిందికి దింపేశారు. మొదటి నియమమే అది కూడదని. ఇప్పుడు మీకే తెలుసు. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పోయేవి."

"అందుకే పరీక్షలో రాయలేదు."

టెడ్డీ నవ్వబోయి మానేశాడు.

"రెండు గొంతులూ అలా అంటుకుని నడిస్తే విడివిడిగా వినబడవు, ఒకటైపోతాయి. అందుకే వద్దన్నారు. పుస్తకం చదివాను, అబ్బాయ్. నాకు కావాల్సింది అదే. హెరాల్డ్‌ని గోతిలోకి దింపేటప్పుడు మేమెవరం విడివిడిగా లేము. అప్పుడు తెలీక రాశాను. ఇప్పుడు తెలిసి ఉంచుతున్నాను. ఆ పెన్సిలు దాచేసుకో."

జూలియన్ కాగితం మళ్ళీ మొదటి వరుస నుంచి చదివాడు. పెదవులు కదిలాయి, లోపల పాడుకుంటున్నాడు. మూడో వరుస దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగింది. పెన్సిలు జేబులో పెట్టుకుని, కాగితాలు పంచమన్నాడు.

విట్ శుక్రవారం పొద్దున జనం జెండాలు ఎత్తారు. చినుకులు పడుతున్నాయి, ఎవరూ ఆగలేదు. మూడో వరుస వచ్చింది. ముందు నడుస్తున్న జూలియన్ వెనక్కి తిరిగి విన్నీని చూసి, ఇంకా గట్టిగా అన్నట్టు అరచెయ్యి పైకెత్తాడు. విన్నీ ఉన్న ఊపిరంతా పెట్టి ఊదింది, ట్యూబా, ట్రాంబోనూ ఒకే గొంతై, కూడదన్న దారినే వీధి చివరిదాకా నడిచాయి.