కుప్పం నుంచి బస్సులో వచ్చిన ఆర్కెస్ట్రా

మదనపల్లెలో ఆర్కెస్ట్రా అంటే పెళ్లి రిసెప్షన్‌లో స్టేజీ మీద సినిమా పాటలు పాడే బృందం. అందుకే, ఆర్కెస్ట్రా కోసం సంగీతం రాయాలనుకుంటున్నానని నేను ఇంట్లో చెప్పినప్పుడు మా ఆయన కాసేపు ఆలోచించి, "ఎవురి పెండ్లికి?" అని అడిగాడు.

ఆయనది టమాటా మండీలో కమిషన్ వ్యాపారం. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకుని మానేశాను. నలభై దాటాక, పడమటి దేశాల్లో అరవై డెబ్బై మంది కలిసి వాయించే శాస్త్రీయ సంగీతం ఎలాగో చెవిన పడింది. అలాంటిది నేనూ ఒకటి కట్టాలనిపించింది. అంతమందిని కూర్చోబెట్టడానికి మా ఊళ్లో కల్యాణమండపాలకు కొదవ లేదు. వాద్యకారులే లేరు.

కంప్యూటరులో దానికో దారి ఉందని తెలిసింది. ఎక్కడో చలిదేశంలో నిజమైన వాద్యకారుల్ని కూర్చోబెట్టి, ఒక్కో వాద్యం మీద ఒక్కో స్వరాన్ని మెల్లగా, గట్టిగా, పొడుగ్గా, పొట్టిగా వాయింపించి, రికార్డు చేసి అమ్ముతారు. ఆ మూటను శాంపిల్ లైబ్రరీ అంటారు. ఇక్కడ మనం మీట నొక్కితే అక్కడి పద్దెనిమిది వయొలిన్లు ఒక్కసారిగా పలుకుతాయి.

మా ఆయన ఓపిగ్గా విన్నాడు.

"పద్దెనిమిది పిటీళ్లూ ఒకే పాట వాయిస్తాయా?"

"ఒకే పాట."

"మళ్ల ఒకటి సాలదా?"

"ఒకటైతే ఒకటి మాదిరే ఉంటాది."

"అట్లనా," అని టీ గ్లాసు కింద పెట్టి మండీకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఈ విషయంలో ఆయన నన్ను ఏమీ అడగలేదు. అర్థమై కాదు, టమాటా సీజను మొదలై.

ఏ లైబ్రరీ కొనాలో తేల్చుకుని మర్నాడే సంగీతం మొదలుపెడదామనుకున్నాను. లైబ్రరీలు ఇన్ని ఉంటాయని నాకు తెలియదు. ఇంటర్నెట్‌లో వాటి గురించి చర్చించే పెద్దమనుషుల గుంపు ఒకటి దొరికింది. వాళ్ల దగ్గర లోకంలోని లైబ్రరీలన్నీ ఉన్నాయి. తాము కట్టిన పాట మాత్రం ఒక్కరూ వినిపించలేదు. అమ్మేవాళ్లు పెట్టిన నమూనాలు విన్నాను. ప్రతి నమూనాలోనూ ఎవరో ఎవరి మీదకో యుద్ధానికి బయలుదేరుతున్నారు. నాకు కావలసింది హార్సిలీ కొండ మీద వానకు ముందు వీచే గాలి. అది ఏ నమూనాలోనూ లేదు.

సలహాకు ఇద్దరిని కలుపుకున్నాను. ఒకరు చిన్నప్పుడు నాకు వయొలిన్ నేర్పిన మాస్టారు. రిటైరై పుంగనూరులో ఉంటున్నారు, ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయిస్తారు. రెండోవాడు కుప్పంలో పెళ్లిళ్లకు కీబోర్డు వాయించే కుర్రాడు. మా బంధువుల రిసెప్షన్‌లో పరిచయమై నన్ను అక్కా అంటున్నాడు.

వాళ్లిద్దరికీ మొదటి ఫోన్‌లోనే చెడింది. వాద్యం పక్కనే మైకు పెట్టి, హాలు మోత లేకుండా రికార్డు చేసినదే సంగీతమని మాస్టారు. పెద్ద హాల్లో మోగుతూ రికార్డు చేసిందే గొప్పదని కుప్పం తమ్ముడు. మొదటిదాన్ని పొడి అనీ, రెండోదాన్ని తడి అనీ అంటారు. మా సీమలో మనుషులు రెండు వర్గాలుగా చీలడానికి ఇంతకంటే చిన్న కారణాలు చాలినప్పుడు, వీళ్లను తప్పుపట్టడానికి లేదు.

"పొడిది ఇంటే బాత్రూమ్‌లో ఏడ్సినట్ల ఉంటాదక్కా," అని అతడు.

"బాత్రూమ్‌లో అయితే మోగుతాది గదమ్మా. ఆ మాత్రం తెలీదా వానికి?" అని ఈయన.

నేను ఇద్దరికీ ఊ కొట్టేదాన్ని. అలా ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో నేను ఒక్క వరుస కూడా కట్టలేదు. కానీ, ఏ లైబ్రరీలో ఫ్లూటు బాగుంటుందో, దేంట్లో డ్రమ్ములు మరీ అరుస్తాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కాలేజీ స్టాఫ్‌రూములో నన్ను కంపోజరు మేడమ్ అనడం కూడా మొదలైంది.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం పుంగనూరులో మాస్టారి ఇంట్లో ముగ్గురం కూర్చున్నాం. రెండు కంపెనీలు కొన్ని వాద్యాలను ఉచితంగా పరీక్షించుకోనిచ్చాయి. లాప్‌టాప్‌లో ముందు తడిది విన్నాం. గదంతా నిండిపోయింది. తమ్ముడు కాలు మీద కాలు వేసుకున్నాడు. తర్వాత పొడిది పెట్టి, ఓబో అనే సన్నటి ఊదుడు వాద్యం మీద ఒక స్వరం నొక్కాను.

మాస్టారు చెయ్యెత్తి ఆపారు. "మళ్ల నొక్కు."

నొక్కాను. స్వరానికి ముందు, చాలా సన్నగా, ఎవరో గాలి పీల్చుకున్న చప్పుడు.

"ఊపిరమ్మా. ఆ వాయించినాయన ఊపిరి. యాడుండాడో ఏమో, ఈడ పుంగనూర్లో ఇనపడతాండాది."

నాకు ఆ ఏడాదంతా విన్న యుద్ధాలన్నీ ఒక్కసారిగా చిన్నవైపోయాయి. ఆ మనిషికి ఆ రోజు జలుబు చేసి ఉందేమో, ఇంటికెళ్లాక ఏం తిన్నాడో అని కూడా ఆలోచించాను.

"అక్కా, ఆ చప్పుడు తీసేసేదానికి బటన్ ఉండాది," అన్నాడు తమ్ముడు.

"తియ్యొద్దప్పా," అన్నారు మాస్టారు. కోపంగా కాదు, బతిమాలినట్టు. దాంతో పొడిదే ఖాయమైంది.

కొన్నాక తెలిసింది, మా ఇంటి ఇంటర్నెట్ అంత పెద్ద మూటను దించుకోలేదని. కుప్పంలో తమ్ముడి ఇంట్లో మంచి లైను ఉంది. హార్డ్‌డిస్కు పట్టుకుని బస్సెక్కి వెళ్లాను. ఓడిపోయిన వర్గమైనా అతడు మర్యాదలో లోటు చేయలేదు. డౌన్‌లోడ్ అయ్యేదాకా తడి గొప్పతనం గురించి మాత్రం ఆపకుండా చెప్పాడు.

తిరుగు బస్సులో హార్డ్‌డిస్కు ఉన్న సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండక్టరు అడిగాడు. "ఏందమ్మా, అంత బద్రంగా పట్టుకోనుండావు?"

"ఆర్కెస్ట్రా," అన్నాను.

"ఓహో. ఏ ఊర్లో ప్రోగ్రాము? మీ పార్టీవోళ్లు యెనకొస్తాండారా?"

వస్తున్నారన్నాను. ఆయన వెనక సీట్ల వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఆ వేసవిలో నిజంగానే పాట కట్టాను. కొండ, గాలి, దూరంగా ఉరుము. మెల్లగా సాగే నాలుగైదు నిమిషాల సంగీతం. మా కాలేజీ కరస్పాండెంట్ అది విని, కళ్లు మూసుకుని, "గ్రాండ్‌గా ఉండాది మేడమ్, యానివల్ డేకి పెడదాం," అన్నారు.

యానివల్ డే నాడు ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నాక సౌండ్ సర్వీసు అతను నా పాట మొదలుపెట్టాడు. కొమ్ము వాద్యాలు గంభీరంగా ఎత్తుకున్నాయి. ముఖ్య అతిథి దాన్ని ఏ దేశ గీతమనుకున్నారో, చటుక్కున లేచి చేతులు రెండు పక్కలా ఆనించి నిటారుగా నిలబడ్డారు. కరస్పాండెంట్ లేచారు. తల్లిదండ్రులు లేచారు. పిల్లలు లేచారు. ముందు వరుసలో మా ఆయన, పక్కన మాస్టారు కూడా.

మధ్యలో ఉరుముకు ముందు నేనొక నిశ్శబ్దం పెట్టాను. అక్కడ జనం అయిపోయిందనుకుని సగం కూర్చున్నారు. అంతలో చెల్లోలనే పెద్ద వయొలిన్లు అందుకున్నాయి. మళ్లీ లేచారు. అలా కొండ మీద వాన కురిసి వెలిసేదాకా సభ మొత్తం అటెన్షన్‌లో ఉంది. స్టేజీ పక్కన నిలబడ్డ నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికి వచ్చేటప్పుడు మా ఆయన, "బాగుండాది మే. రొంత కాళ్లు గుంజినాయి అంతే," అన్నాడు.

కరస్పాండెంట్‌కు మాత్రం అది బాగా నచ్చింది. పిల్లలు అంత క్రమశిక్షణగా నిలబడడం ఆయన ఇంతకుముందు చూడలేదట. ఇప్పుడు ప్రతి సోమవారం ప్రార్థనలో నా పాట వేస్తారు. ఒక్కటే ఇబ్బంది, ఎప్పుడు కూర్చోవాలో పిల్లలకు తెలియడం లేదని పిలిచి చెప్పారు.

"కడాకు ఒక గంట కొట్టించండి మేడమ్. ఇంకేం మార్చొద్దు."

లైబ్రరీలో గంటలు చాలా రకాలున్నాయి. ఏది పెట్టాలన్న దాని మీద పుంగనూరుకూ కుప్పానికీ ఇంకా మాట కుదరలేదు. అంతదాకా పిల్లలు నిలబడే ఉంటున్నారు.