షోలాపురం పోయినవాడి అంగి

మొన్న మా మనుమరాలు ఈ ముసలిదానికి పాత బట్టలు పారేయొద్దని పాఠం చెప్పింది. వాటితో సంచులు కుట్టుకోవచ్చట, చెత్త తగ్గుతుందట. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. బట్ట పారేయడమనే మాటే మా ఇంట్లో లేదు పొమ్మన్నాను. అది నవ్వింది. ముందు కోపం వచ్చింది, తర్వాత ఎందుకో దుఃఖం వచ్చింది.

తిరుమలగిరి పక్కన మా ఊరు. మా అవ్వ, అంటే మా నాన్నను, బాపును కన్నతల్లి, బట్టల విషయంలో పరమ పిసినారి. బాపు ధోతి నడుమ చిరిగితే అంచులు కలిపి కుట్టేది. మళ్లీ చిరిగితే తువ్వాల, ఆ తర్వాత పసిపిల్లలకు పొత్తిగుడ్డ, ఆపైన కుండ దించే మసిగుడ్డ. ఎందుకూ పనికిరాని పేలికలన్నీ బొంత కడుపులోకి పోయేవి. పాత చీరల మధ్య వాటిని పరిచి కుట్టిన ఆ బొంతే చలికి మా అందరికీ దిక్కు. ఇంత చేసినా అవ్వకు ఒక కట్టుబాటు ఉండేది: "తొడిగెటోడు బతికుండంగ మంచి బట్ట చింపొద్దు. ఆయుష్షు చినుగుతది."

నలభై ఎనిమిదిలో యూనియన్ మిలిటరీ వచ్చి నిజాం రజాకార్లను తరిమింది. ఊరంతా పండగ చేసుకున్నాం. కొద్ది రోజులకే ఆ మిలిటరీయే, దొరల మీద, నిజాం మీద కొట్లాడిన సంఘం వాళ్ల కోసం ఇల్లిల్లూ వెతకడం మొదలుపెట్టింది. నిన్న కాపాడినవాళ్లు ఇవాళ మనల్నెందుకు వెతుకుతున్నారో నా తొమ్మిదేళ్ల బుర్రకు ఎక్కలేదు. నిజం చెప్పాలంటే పెద్దవాళ్లకూ ఎక్కినట్టు లేదు. బాపు సంఘంలో ఉన్నాడు. ఒకరోజు పొద్దున నేను లేచేసరికి ఇంట్లో లేడు.

"ఎవలడిగినా షోలాపురం మిల్లుకు పోయిండని చెప్పు," అంది అవ్వ.

ఆ మర్నాడు అవ్వ బాపు అంగీలు రెండూ ముందేసుకుని కూర్చుంది. నీలి గీతల అంగి నిరుడు దసరాకు కుట్టించింది, ఇంకా రంగు కూడా పోలేదు. దాన్ని పర్రున చింపింది. అమ్మ పక్కన కూర్చుని ముక్కలు బొంతలో సర్దుతోంది. బాపు చచ్చిపోయాడు, నాకు చెప్పడం లేదు అనుకున్నాను. అడిగితే నిజమవుతుందేమోనని అడగలేదు. మరి అమ్మ నుదుట బొట్టెందుకుంది? చేతులకు గాజులెందుకున్నాయి? నాలుగు రోజులు ఎంత ఆలోచించినా నాకు ఈ చిక్కు విడలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం పోలీసు పటేలు ఒక ఆఫీసరునూ ఇద్దరు జవాన్లనూ వెంటబెట్టుకుని వచ్చాడు. మూటలు విప్పారు, వడ్ల గుమ్మి కదిలించారు. మగవాళ్ల బట్ట ఒక్కటీ దొరకలేదు. పటేలు నా గడ్డం పట్టుకుని, "మీ బాపు ఏడి బిడ్డా?" అన్నాడు.

షోలాపురం అనే మాట నాలుక మీదే ఉంది.

"సచ్చిపోయిండు," అని బోరున ఏడ్చాను.

పటేలు అది ఉర్దూలో చెప్పాడు. ఆఫీసరు అమ్మ బొట్టు వైపు చూశాడు. అవ్వ ఒక్క అంగలో వచ్చి అమ్మ మీద పడింది.

"ఔ దొరా! నా కొడుకు షోలాపురంల గత్తర రోగమొచ్చి పోయిండు. నిన్ననే కబురొచ్చింది. కోడలి మొఖం సూడలేక చెప్పలే. ఈ పిల్ల చాటుంగ ఇన్నట్టుంది!"

అంటూనే కొంగుతో అమ్మ బొట్టు తుడిచేసింది, గాజులు గడపకేసి కొట్టింది. ముగ్గురం ఏడ్చాం. నాది నిజమైన ఏడుపు. అవ్వది దొంగేడుపు. అమ్మది ఏదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

వాళ్లు వెళ్లాక అవ్వ నన్ను కొట్టడానికి చెయ్యెత్తి, కొట్టకుండా దగ్గరికి తీసుకుంది.

"ఉన్నడే పిచ్చిదానా, గుట్టలల్ల ఉన్నడు. షోలాపురం పోయెటోడు అంగీలు ఇడిసిపెట్టి పోతడా? అవి కండ్లవడ్తే గీడనే యాడనో ఉన్నడంటరని చింపిన."

"మరి ఆయుష్షు?" అన్నాను.

అవ్వ గడప దగ్గర కూర్చుని పగిలిన గాజు పెంకులు ఏరసాగింది.

తర్వాత అంతా సద్దుమణిగి, సంఘం వాళ్లు ఒక్కొక్కరే ఊళ్లకు తిరిగొచ్చారు. బాపు రాలేదు. శవాన్ని చూశామని ఎవరూ చెప్పలేదు, మనిషిని చూశామని కూడా చెప్పలేదు. అమ్మ మళ్లీ బొట్టు పెట్టుకోలేదు. అడిగితే, "వచ్చినంక ఆయనే పెడ్తడు తియ్యి," అనేది.

ఏటా పెత్రమాస నాడు, పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం. అమ్మ తాత పేరు చెప్పేది. కొన్నేళ్లకు అవ్వ పేరూ చేరింది. అక్కడితో ఆగేది.

"ఇంకెవరన్న ఉన్నరా?" అని అడిగేవాడు అయ్యగారు.

అమ్మ నా దిక్కు చూసేది. బాపు చచ్చిపోయాడన్న మాట మా ఇంట్లో మొదట అన్నది నేనే మరి.

"లేరు," అనేదాన్ని.

పోయినవాళ్లు ఇంకెవరూ లేరన్నానో, బాపే లేడన్నానో, అప్పుడూ నాకు తెలియదు, ఇప్పుడూ తెలియదు.